నీటి మృదుకరణ యంత్రం

నీటి మృదుకరణ యంత్రం (వాడుకలో వాటర్ సాఫ్ట్‌నర్) కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లను తొలగించి, వాటి స్థానంలో సోడియం అయాన్లను చేర్చే గృహోపకరణం. స్నానానికి, బట్టలు ఉతకడానికి, గీజర్లకు, వాషింగ్ మెషీన్లకు బోరు నీటిని అనుకూలంగా మార్చడం దీని ప్రయోజనం. ఇది తాగునీటి శుద్ధి యంత్రం కాదు. ముఖ్యంగా ఫ్లోరైడును ఇది తొలగించలేదు. పల్నాడు జిల్లాలోని నూజెండ్ల, వినుకొండ వంటి ప్రాంతాలలో ఈ తేడాను తెలుసుకోవడం అవసరం.

నీటి కాఠిన్యత

వర్షపు నీరు నేలలోకి ఇంకేటప్పుడు కార్బన్ డయాక్సైడును గ్రహించి స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. అది సున్నపురాయి, డోలమైటు వంటి శిలల గుండా ప్రవహించినపుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలు అందులో కరుగుతాయి. ఇటువంటి నీటిలో సబ్బు సరిగా నురగ రాదు, పప్పు త్వరగా ఉడకదు, పాత్రలకు, కుళాయిలకు తెల్లని గార కడుతుంది. కాఠిన్యత రెండు రకాలు.

* తాత్కాలిక కాఠిన్యత: బైకార్బొనేట్ల వలన కలుగుతుంది. నీటిని మరిగిస్తే పోతుంది. గీజరు కాయిల్ మీద పేరుకునే గారకు కారణం ఇదే.
* శాశ్వత కాఠిన్యత: సల్ఫేట్లు, క్లోరైడ్ల వలన కలుగుతుంది. మరిగించినా పోదు.

కాఠిన్యతను లీటరు నీటికి ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటు అని వ్యక్తపరుస్తారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వర్గీకరణ ప్రకారం 60 వరకు మృదు జలం, 61 నుండి 120 వరకు ఓ మోస్తరు కఠినం, 121 నుండి 180 వరకు కఠినం, 180 దాటితే అతి కఠినం. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం (ఐఎస్ 10500, 2012) మొత్తం కాఠిన్యతకు 200 మి.గ్రా. ఆమోదయోగ్య పరిమితిగా, వేరే నీటి వనరు లేనపుడు 600 మి.గ్రా. అనుమతించదగిన పరిమితిగా నిర్ణయించింది.

పల్నాడు ప్రాంతపు నీరు

నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లా అంతకు ముందు గుంటూరు జిల్లాలో భాగం. జిల్లా ఉత్తర, పశ్చిమ భాగాలలోని మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ ప్రాంతాలలో సున్నపురాయి విస్తారంగా ఉంది. సిమెంటు కర్మాగారాలకు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ఆధారం ఈ రాయే. సున్నపురాతి పొరల నుండి వచ్చే నీరు సహజంగా కఠినంగా ఉంటుంది.

దక్షిణాన వినుకొండ, నూజెండ్ల వైపు నేల స్వభావం వేరు. ఇక్కడ గ్రానైటు వంటి గట్టి శిలలు ఎక్కువ. ఇటువంటి శిలలలోని ఫ్లోరిన్ గల ఖనిజాల నుండి ఫ్లోరైడు భూగర్భ జలంలోకి చేరుతుంది. వినుకొండ పరిసర మండలాలలో ఫ్లోరైడు చాలా కాలంగా తాగునీటి సమస్యగా ఉంది. పల్నాడుకు దక్షిణాన, నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధి ఉన్నట్లు షార్ట్, అతని సహచరులు 1937లో ప్రకటించారు. భారతదేశంలో ఈ వ్యాధిపై వెలువడిన తొలి వైద్య నివేదికలలో అది ఒకటి.

ఒకే గ్రామంలో రెండు బోర్ల నీరు ఒకే విధంగా ఉండకపోవచ్చు. లోతును బట్టి, ఋతువును బట్టి కూడా తేడా ఉంటుంది. కాలువ నీరు సాధారణంగా బోరు నీటి కంటే తక్కువ కఠినంగా ఉంటుంది.

చరిత్ర

1841లో స్కాట్లాండుకు చెందిన థామస్ క్లార్క్ సున్నం కలిపి నీటి కాఠిన్యతను తగ్గించే పద్ధతికి పేటెంటు పొందాడు. 1850లో ఇంగ్లాండుకు చెందిన థాంప్సన్, వే అనే శాస్త్రవేత్తలు నేలలో జరిగే అయాన్ వినిమయాన్ని వివరించారు. 20వ శతాబ్దపు మొదటి దశకంలో జర్మనీకి చెందిన రాబర్ట్ గాన్స్ ఈ సూత్రాన్ని నీటి మృదుకరణకు ఉపయోగించాడు. పాఠ్యపుస్తకాలలో కనిపించే పెర్మ్యుటిట్ పద్ధతి ఇదే. 1935లో ఆడమ్స్, హోమ్స్ కృత్రిమ రెసిన్లను కనుగొన్నారు. 1940వ దశకంలో వచ్చిన పాలీస్టైరీన్ రెసిన్ల రకమే నేటి గృహ యంత్రాలలో వాడుకలో ఉంది.

పనిచేసే విధానం

యంత్రంలో రెసిన్ గుళికలు నింపిన నిలువు తొట్టి, ఉప్పు నీటి తొట్టి, ప్రవాహాన్ని మళ్ళించే వాల్వు ఉంటాయి. కఠిన జలం రెసిన్ గుండా పోయేటపుడు గుళికలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని సోడియంను విడుదల చేస్తాయి. గుళికలలోని సోడియం అయిపోయాక యంత్రం నీటిని మృదువుగా చేయలేదు. అపుడు ఉప్పు నీటిని పంపి రెసిన్‌ను తిరిగి సిద్ధం చేస్తారు. దీనిని పునరుత్పత్తి అంటారు. ఇందులో నాలుగు దశలు ఉన్నాయి.

# నీటిని కింది నుండి పైకి పంపి రెసిన్‌లో చేరిన మట్టిని కడగడం.
# సుమారు 10 శాతం ఉప్పు ద్రావణాన్ని నెమ్మదిగా పంపడం.
# మిగిలిన ఉప్పు నీటిని మెల్లగా తోసివేయడం.
# వేగంగా కడిగి యంత్రాన్ని తిరిగి వాడుకలోకి తేవడం.

కొనేముందు చేయవలసిన పరీక్షలు

మొత్తం కాఠిన్యత, ఫ్లోరైడు, ఇనుము, మొత్తం కరిగిన లవణాలు (టీడీఎస్), పీహెచ్ విలువలు తెలియాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలలోను, ప్రైవేటు ప్రయోగశాలలలోను ఈ పరీక్షలు చేయిస్తారు. చేతిలో పట్టుకొనే టీడీఎస్ మీటరు కాఠిన్యతను చూపదు. మామూలు ఉప్పు ఎక్కువగా ఉన్న నీటికి కూడా అది పెద్ద అంకెనే చూపిస్తుంది. టీడీఎస్ మాత్రమే చూసి యంత్రపు పరిమాణం నిర్ణయించడం సరికాదు.

ఇనుము రెసిన్‌ను పాడుచేస్తుంది. బోరు నుండి ఇసుక వస్తుంటే యంత్రానికి ముందు వడపోత ఉండాలి.

పరిమాణం నిర్ణయించడం

లెక్క మూడు మెట్లలో సాగుతుంది.

# రోజువారీ భారం: మృదువుగా చేయవలసిన నీటిని (లీటర్లలో) కాఠిన్యతతో గుణించి 1000తో భాగిస్తే రోజుకు తొలగించవలసిన కాఠిన్యత గ్రాములలో వస్తుంది.
# విరామం: దానిని రెండు పునరుత్పత్తుల మధ్య ఉండే రోజుల సంఖ్యతో గుణించాలి.
# రెసిన్: వచ్చిన మొత్తాన్ని లీటరు రెసిన్ సామర్థ్యంతో భాగించాలి.

రెసిన్ సామర్థ్యం వాడే ఉప్పును బట్టి మారుతుంది. లీటరు రెసిన్‌కు సుమారు 100 గ్రాముల ఉప్పు వాడితే సుమారు 45 గ్రాముల కాఠిన్యతను, 240 గ్రాములు వాడితే సుమారు 70 గ్రాములను అది తొలగిస్తుంది. ఉప్పు రెండున్నర రెట్లకు దగ్గరగా పెరిగినా సామర్థ్యం ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది.

ఉదాహరణకు ఐదుగురు ఉన్న ఇంటిలో స్నానానికి, బట్టలకు, గిన్నెలకు మనిషికి రోజుకు 100 లీటర్లు కావాలనుకుంటే మొత్తం 500 లీటర్లు. నీటి కాఠిన్యత 600 మి.గ్రా. అయితే రోజువారీ భారం 300 గ్రాములు. మూడు రోజులకొకసారి పునరుత్పత్తి చేస్తే 900 గ్రాములు. దీనిని 45తో భాగిస్తే 20 లీటర్ల రెసిన్ అవసరం. ప్రతిసారి 2 కిలోల చొప్పున నెలకు 20 కిలోల ఉప్పు ఖర్చవుతుంది. ఇదే ఇంటికి 13 లీటర్ల చిన్న యంత్రం పెట్టి ఎక్కువ ఉప్పు వాడితే నెలకు సుమారు 31 కిలోలు కావాలి. అనగా చిన్న యంత్రం ధరలో మిగిలినది ఉప్పులో పోతుంది.

మరుగుదొడ్డికి, మొక్కలకు, పశువులకు వాడే నీటిని మృదువుగా చేయనవసరం లేదు. ఆ గొట్టాలను ముందే వేరుచేస్తే లెక్క తగ్గుతుంది. కాఠిన్యతను సున్నాకు తేవలసిన అవసరం కూడా లేదు. నాలుగింట మూడు వంతుల నీటిని మృదువుగా చేసి, మిగిలిన వంతును అలాగే కలిపితే 600 ఉన్న కాఠిన్యత 150కి వస్తుంది. అపుడు పై ఇంటికి 15 లీటర్ల రెసిన్ సరిపోతుంది.

అమెరికా తయారీ యంత్రాల మీద సామర్థ్యాన్ని గ్రెయిన్లలో రాస్తారు. ఒక గ్రెయిన్ 64.8 మి.గ్రా. గాలనుకు ఒక గ్రెయిన్ కాఠిన్యత లీటరుకు 17.1 మి.గ్రా.కు సమానం. 32,000 గ్రెయిన్లు అంటే సుమారు 2.07 కిలోలు. ఆ అంకె సాధారణంగా నిండుగా ఉప్పు వాడినపుడు వచ్చేది. పొదుపుగా వాడితే అందులో మూడింట రెండు వంతులే లభిస్తుంది.

ప్రవాహ వేగం, అమరిక

లీటరు రెసిన్ గుండా గంటకు 40 లీటర్లకు మించి నీరు పోనివ్వకపోవడం మంచిది. 20 లీటర్ల రెసిన్‌కు ఇది గంటకు 800 లీటర్లు, అనగా నిమిషానికి సుమారు 13 లీటర్లు. గంటకు 2,000 లీటర్లు తోడే బోరు మోటారుకు దీనిని నేరుగా కలిపితే కొంత కాఠిన్యత తొలగకుండానే నీరు బయటకు వస్తుంది. బోరు నీటిని ముందుగా సంపులో నింపి, అక్కడి నుండి చిన్న మోటారుతో యంత్రం ద్వారా పై ట్యాంకుకు ఎక్కించడం ఒక పరిష్కారం.

పై ట్యాంకు తరువాత యంత్రాన్ని పెడితే పీడనం చాలదు. పది మీటర్ల ఎత్తు నీటికి సుమారు ఒక బార్ పీడనం ఉంటుంది. ఒక అంతస్తు డాబా మీది ట్యాంకు నుండి అందులో మూడో వంతు మాత్రమే లభిస్తుంది. రెసిన్‌ను కడగడానికి ఇది సరిపోదు.

వాల్వులు మూడు రకాలు: చేతితో తిప్పేవి, గడియారం ప్రకారం పనిచేసేవి, వాడిన నీటిని కొలిచి పనిచేసేవి. ఇంట్లో మనుషుల సంఖ్య మారుతుంటే మూడవ రకం ఉప్పును ఆదా చేస్తుంది. తరచు కరెంటు పోయే చోట చేతి వాల్వు నమ్మదగినది, కాని పునరుత్పత్తిని గుర్తుంచుకొని చేయాలి. అయస్కాంత, ఎలక్ట్రానిక్ పరికరాలు నీటిలోని కాల్షియంను తొలగించవు. వాటిని అమర్చిన తరువాత పరీక్షించినా కాఠిన్యత అంకె మారదు.

తాగునీరు, ఫ్లోరైడు

ఫ్లోరైడు ఋణాత్మక అయాను. మృదుకరణ రెసిన్ ధనాత్మక అయాన్లను మాత్రమే మార్చుకుంటుంది. అందువలన యంత్రంలోకి ఎంత ఫ్లోరైడు వెళితే అంతే బయటకు వస్తుంది. మరిగించినా అది పోదు. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మి.గ్రా. ఆమోదయోగ్యం, 1.5 మి.గ్రా. అనుమతించదగిన గరిష్ఠ పరిమితి. దీనికి మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళ మీద మచ్చలు వస్తాయి. ఫ్లోరైడు మరీ ఎక్కువైతే ఎముకలు, కీళ్ళు దెబ్బతింటాయి. పళ్ళు రూపొందే వయసులోని పిల్లలకు దంత ఫ్లోరోసిస్ ముప్పు ఎక్కువ.

సబ్బు బాగా నురగ వచ్చే నీరు మంచి నీరని భావించడం కూడా పొరపాటే. కాల్షియం ఫ్లోరైడు నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. కనుక కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడు ఒక మేరకు మించి పెరగదు. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న సహజ మృదు జలంలోనే ఫ్లోరైడు అధికంగా ఉండే అవకాశం ఉంది.

ఫ్లోరైడు తొలగించడానికి పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతి (నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించినది), ఉత్తేజిత అల్యూమినా, రివర్స్ ఆస్మాసిస్ (ఆర్.ఓ.) ఉన్నాయి. మృదుకరణ యంత్రం తరువాత వంటింట్లో ఆర్.ఓ. పెడితే దాని పొరకు గార పట్టదు. అదనపు సోడియం, ఫ్లోరైడు చాలావరకు తగ్గుతాయి.

తొలగించే ప్రతి 100 మి.గ్రా. కాఠిన్యతకు నీటిలో 46 మి.గ్రా. సోడియం చేరుతుంది. 600 మి.గ్రా. కాఠిన్యత గల నీటికి ఇది లీటరుకు 276 మి.గ్రా. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు, పసిపిల్లలకు పాలు కలిపేవారు ఈ నీటిని వాడరాదు. తాగడానికి, వంటకు వేరే కుళాయి ఉంచడం ఆనవాయితీ.

వ్యర్థ ఉప్పు నీరు

ప్రతి పునరుత్పత్తికి రెసిన్ పరిమాణానికి సుమారు 5 నుండి 10 రెట్ల నీరు వృథాగా పోతుంది. ఇందులో ఉప్పు ఎక్కువ. సోడియం నల్లరేగడి నేలల నిర్మాణాన్ని చెడగొట్టి, నీరు ఇంకకుండా చేస్తుంది. పెరటి మొక్కలకు, పొలానికి, బావి లేదా బోరు దగ్గర ఇంకుడు గుంతకు ఈ నీటిని వదలరాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం శాంటా క్లారిటా లోయలో నది నీటిలో క్లోరైడు పెరగడంతో, ఉప్పుతో పనిచేసే స్వయంచాలక మృదుకరణ యంత్రాలను తొలగించాలని 2008లో ఓటర్లు నిర్ణయించారు. మురుగు కాలువలు లేని గ్రామాలలో ఉప్పు నీరు ఎక్కడికి పోతుందో యంత్రం కొనేముందే చూసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* కఠిన జలం
* ఫ్లోరోసిస్
* నల్గొండ పద్ధతి
* రివర్స్ ఆస్మాసిస్
* నూజెండ్ల మండలం
* పల్నాడు జిల్లా