పేదింటి పూట లెక్క: ధాత కరువు (1876–78) కూలి వివాదం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

1876–78 నాటి దక్షిణ భారత క్షామంలో, సహాయపు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఎంత ధాన్యం చాలునన్న ప్రశ్నపై మద్రాసు రాజధానిలో తీవ్ర వివాదం నడిచింది. ఆ వివాదాన్ని తెలుగు పలుకుబడుల్లో నిలిచిన పేదింటి తిండి లెక్కతో కలిపి చదవడం ఈ వ్యాస ఉద్దేశం. పాలన లెక్కకు మనిషి, తూకం, రోజు ప్రమాణాలు కాగా, ఇంటి లెక్కకు కుండ, కొలత, పూట ప్రమాణాలు. కూలి పరిమాణం ఎంత ముఖ్యమో, దాన్ని ఏ ప్రమాణంతో లెక్కించారన్నది కూడా అంతే ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ధాత కరువు, దత్త మండలాలు, సహాయపు పనులు, గంజి, పూట, కూలి.

ఉపోద్ఘాతం

తెలుగునాట పెద్ద కరువులు సంవత్సరాల పేర్లతోనే జనం నోట నిలిచాయి. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని కబళించినది నందన కరువు. 1876లో వానలు తప్పడంతో మొదలై, మరుసటి ఈశ్వర నామ సంవత్సరంలోనూ సాగినది ధాత కరువు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు దాని దెబ్బకు తీవ్రంగా గురయ్యాయి. నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్ళారి జిల్లాలోనే ఉండేది. 1882లో గాని విడి జిల్లా కాలేదు. క్షామానంతరం నియమితమైన విచారణ సంఘం, బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే సుమారు 52.5 లక్షల మంది అదనంగా మరణించారని అంచనా వేసింది.

సాహిత్య పరిశోధనలో కరువు సాధారణంగా కరుణ రస పోషణకు సందర్భంగానో, సామాజిక వాస్తవికతకు నిదర్శనంగానో చర్చకు వస్తుంది. ఆ చర్చ అవసరమైనదే. అయితే ఆకలికి ఒక లెక్క కూడా ఉంది. ఉన్న గింజల్ని ఎన్ని పూటలకు, ఎందరికి, ఏ రూపంలో సర్దాలన్నది ప్రతి పేద ఇల్లూ రోజూ వేసుకునే లెక్క. ఆ లెక్కకు రాతపూర్వకమైన పద్దు పుస్తకాలు లేవు. దాని ఆనవాళ్ళు భాషలో ఉన్నాయి. ప్రభుత్వపు లెక్క మాత్రం నివేదికల్లో పదిలంగా ఉంది. ఈ రెండింటినీ ఎదురెదురుగా ఉంచి చూడడమే ఇక్కడ అనుసరించిన పద్ధతి. సామెతలు ఫలానా ఏటివని కాలనిర్ణయం చేయడానికి కాక, ఒక లెక్కింపు విధానానికి సాక్ష్యాలుగా మాత్రమే వాటిని స్వీకరించడం జరిగింది.

ఇంటి లెక్క: పలుకుబడుల సాక్ష్యం

పేదింటి లెక్కలో కాలానికి మొదటి ప్రమాణం ‘పూట’. ‘పూట గడవడం’, ‘పూటకు ఠికాణా లేకపోవడం’, ‘ఒంటిపూట తిండి’ వంటి పలుకుబడులన్నీ రోజును ముక్కలు చేసి చూస్తాయి. నెల ఆదాయం ఉన్నవారు నెలను ప్రమాణంగా తీసుకుంటే, దినకూలికి రాబోయే పూటే గడువు. ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అన్న సామెత ఈ గడువును స్పష్టంగా చెబుతుంది. అందులో నిల్వకు చోటు లేదు. ఇవాళ్టి శ్రమకూ ఇవాళ్టి తిండికీ మధ్య మరో రోజు లేదు. జబ్బు చేసినా, వాన కురిసి పని ఆగినా, ఆ నష్టం నేరుగా కుండలోకి వస్తుంది.

‘ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి’ అన్న సామెతను దుబారాను ఎత్తిపొడిచే మాటగా వాడడం పరిపాటి. దానినే ఆదాయపు నిలకడలేమిని చెప్పే మాటగానూ చదవవచ్చు. పంట చేతికొచ్చిన నాళ్ళలో కూలి గింజలు దొరుకుతాయి. పనుల్లేని ఎండాకాలంలో దొరకవు. లేమి కారణంగా వచ్చిన పస్తుకు ఉపవాసమన్న గౌరవాన్ని తొడగడం ఈ సామెతలోని చేదు.

పరిమాణానికి ఇంటి ప్రమాణం కొలత. కోస్తా ప్రాంతపు మానంలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఊరును బట్టి, ప్రాంతాన్ని బట్టి ఈ పాత్రల పరిమాణం మారేది. ఇవన్నీ నిండుదనాన్ని కొలిచేవే గాని బరువును తూచేవి కావు. పొట్టు తీయని గింజ, దంచిన గింజ, నూక ఒకే సోలలో వేర్వేరు బరువు తూగుతాయి. ఆ తేడా ఇంటి ఇల్లాలికి చేతి అలవాటుగా తెలుసు. ‘సోలెడు గింజలు’ అన్నప్పుడు అవి ఏ గింజలో, ఎంతమందికో కూడా ఆమె మనసులో ఉంటుంది.

మూడవది రూపం. కొర్ర, జొన్న, రాగి, సజ్జ ప్రధానాహారమైన దత్త మండలాల్లో ఒకే పిండి సంకటి కావచ్చు, జావ కావచ్చు, అంబలి కావచ్చు. గింజ తగ్గేకొద్దీ నీళ్ళు పెరుగుతాయి. సంకటి నుంచి అంబలికి, అన్నం నుంచి గంజికి దిగడమంటే పొదుపు మెట్లు దిగడమే. నీళ్ళు కడుపు నింపుతాయి గాని సత్తువనివ్వవు. అయినా నలుగురి ముందూ గిన్నె పెట్టగలిగే వెసులుబాటు ఆ నీళ్ళ వల్లనే దొరుకుతుంది. ‘గంజి తాగి బతకడం’ అన్న పలుకుబడి పేదరికపు స్థాయిని వంటకం పేరుతో సూచించడానికి కారణమిదే.

చివరిగా, ‘భూమ్మీద నూకలు చెల్లాయి’ అన్న మాటను గమనించాలి. ఇందులో ఆయువే గింజల ఖాతాగా ఊహింపబడింది. ఆ ఖాతాలో ఉన్నవి కూడా నిండు బియ్యం కాదు, నూకలు. ‘చెల్లడం’ అప్పుకూ లెక్కకూ సంబంధించిన క్రియ. మరణాన్ని పద్దు ముగింపుగా చెప్పే ఈ మాటకు 1877 నాటి సంఘటనల్లో భయంకరమైన సార్థక్యం కలిగింది.

పాలన లెక్క: ఒక పౌను కూలి

1877 ఆరంభంలో భారత ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను క్షామ పరిశీలకుడిగా మద్రాసుకు పంపింది. అంతకుముందు 1873–74 బీహారు క్షామంలో ఆయన బర్మా నుంచి బియ్యం తెప్పించి ప్రాణనష్టాన్ని చాలావరకు నివారించారు. అందుకు మెప్పు పొందడానికి బదులు అతివ్యయమన్న విమర్శను ఎదుర్కొన్నారు. మద్రాసుకు వచ్చేనాటికి పొదుపే ఆయనకు ముఖ్య కర్తవ్యమైంది. సహాయపు పనుల్లో వయోజన పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యపు విలువ, దానిపై కొద్దిపాటి చిల్లర కూలిగా ఇస్తే చాలునని ఆయన నిర్ణయించారు. స్త్రీలకు, పనిచేసే పిల్లలకు ఇంకా తక్కువ. ఇదే చరిత్రలో ‘టెంపుల్ కూలి’గా పేరుపడింది.

మద్రాసు రాజధాని ఆరోగ్య కమిషనరు డబ్ల్యు. ఆర్. కోర్నిష్ ఈ నిర్ణయాన్ని గట్టిగా వ్యతిరేకించారు. మట్టి తవ్వి మోసే మనిషికి కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దానితోపాటు పప్పు, కూరగాయలు అవసరమని ఆయన వాదం. నేటి కొలమానంలో చెప్పాలంటే ఒక పౌను సుమారు 454 గ్రాములు. ఒకటిన్నర పౌను సుమారు 680 గ్రాములు. వైస్రాయి లిట్టన్ టెంపుల్ పక్షం వహించారు. అయినా విమర్శల ఒత్తిడి వల్ల కొన్ని నెలల్లోనే మద్రాసు ప్రభుత్వం మధ్యేమార్గంగా కూలిని ఒకటింపావు పౌను ధాన్యానికి, ఒకటిన్నర ఔన్సు పప్పుకు పెంచింది. అంటే సుమారు 567 గ్రాముల గింజలు, 43 గ్రాముల పప్పు.

ఆ వివాదం అధికారుల కాగితాలకే పరిమితం కాలేదు. ‘మద్రాసు టైమ్స్’ సంపాదకుడిగా ఉన్న విలియం డిగ్బీ ఈ పరిణామాలను నమోదు చేసి, 1878లో రెండు సంపుటాల గ్రంథంగా ప్రకటించారు. పొరుగున బొంబాయి రాజధానిలో కూలీలే తగ్గించిన కూలిని నిరాకరించి పనులు విడిచి వెళ్ళారు. పూనా సార్వజనిక సభ వారి పక్షాన నిలిచింది. ‘ఎంత చాలు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం తమకూ ఉందని ఆ కూలీలు చాటిన సందర్భమది.

రెండు లెక్కల మధ్య ఎడం

టెంపుల్, కోర్నిష్ పరస్పరం విభేదించినా, ఇద్దరి వాదనలకూ పునాది ఒక్కటే: పనిచేసే ఒక శరీరానికి రోజుకు కావలసిన తూకం. కోర్నిష్ వాదన మానవీయమైనది, శాస్త్రీయమైనది. దానివల్ల కూలి పెరిగింది. అయినా కూలి ఇంటికి చేరాక ఏమవుతుందన్న ప్రశ్న ఆ చర్చకు అంచునే ఉండిపోయింది. ఆ అంచును మూడు కోణాల్లో చూడవచ్చు.

ఒకటి, కుండ. పనిచేయలేని వృద్ధులకు, చిన్నపిల్లలకు, జబ్బుపడినవారికి సహాయ శిబిరాలు, ఉచిత సహాయం వేరే పద్దు కింద ఉండేవి. పాలనకు ఇవి వేర్వేరు ఖాతాలు. ఇంటికి కుండ ఒక్కటే. ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్ళి, ఇద్దరికీ ఒక్కో పౌను చొప్పున వచ్చిందనే అనుకుందాం. ఇంట్లో ఒక ముసలితల్లి, ఇద్దరు పసిపిల్లలు ఉంటే, వేరే సహాయం అందేదాకా ఆ రెండు పౌన్లే ఐదుగురికి ఆధారం. తలకు దాదాపు 180 గ్రాములు. పనిచేసేవారి సత్తువ కోసమని నిర్ణయించిన గింజలను పనిచేసేవారే తింటారన్న ఊహ ఏ కుటుంబ ధర్మానికీ సరిపడదు. పిల్లల ముందు గిన్నె పెట్టకుండా తల్లి తినదు.

రెండు, పొయ్యి. గింజ దానంతటదే తిండి కాదు. దంచాలి, విసరాలి, కట్టెలు కావాలి, నీళ్ళు కావాలి, ఉప్పు కావాలి. చెరువులెండిన ఏడు నీళ్ళే దూరభారం. ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండి పన్ను మోసే సరుకు. గింజపై ఇచ్చిన చిల్లరతోనే ఇవన్నీ గడవాలి. పగలంతా మట్టి మోసిన ఆడకూలికి ఈ వంటపని రెండో కూలి. దానికి లెక్క లేదు.

మూడు, అంగడి. కూలిని ధాన్యపు ధరను బట్టి నగదుగా లెక్కగట్టినప్పుడు, అధికారుల పట్టికలోని ధరకూ అంగడిలో వర్తకుడు చెప్పిన ధరకూ తేడా ఎంతైనా, ఆ భారం కొనేవారిదే. పట్టిక మారేలోగా ధర పెరిగితే తూకం తగ్గుతుంది. కాగితంపై కూలి మాత్రం మారదు. ‘ఒక పౌను’ అన్న మాట స్థిరంగా ఉంటూనే కుండలో పడే గింజలు తగ్గిపోగలవు.

ఈ మూడు కోణాలూ ఒకే విషయాన్ని సూచిస్తున్నాయి. పాలన లెక్కలో కనీసం అంటే కిందికి దిగరాని గీత. ఇంటి లెక్కలో అదే కనీసాన్ని ఐదుగురు పంచుకోగా గీత కిందికి దిగిపోతుంది. మద్రాసు గవర్నరు పేరుతో నేటికీ నిలిచిన బకింగ్‌హామ్ కాలువలోని కొంత భాగం ఆ క్షామకాలపు సహాయపు పనిగానే తవ్వబడింది. ఆ తవ్వకపు కొలతలు దొరుకుతాయి. తవ్వినవారి ఇళ్ళలో ఆ పూట ఏం వండారన్నది ఏ కొలత పుస్తకానికీ ఎక్కలేదు.

వివాదం తర్వాత

సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన క్షామ విచారణ సంఘం 1880లో నివేదిక సమర్పించింది. దాని ఫలితంగా క్షామ నియమావళులు రూపొందాయి. సహాయం ప్రభుత్వపు దయ గాక ముందే నిర్ణయించిన విధిగా మారడం వాటివల్ల కలిగిన నిజమైన మేలు. అయితే తూకాన్ని ధరతో ముడిపెట్టి తలకింత అని లెక్కించే పద్ధతి అలాగే కొనసాగింది.

స్వాతంత్ర్యానంతరం రాయలసీమ కరువులో గంజి కేంద్రాలు వెలిశాయి. ఆ ప్రాంతపు లేమిని విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో రంగడు, గంగమ్మ దంపతుల బతుకుగా చిత్రించారు. నివేదికలు విడదీసిన ఇంటిని ఆ కావ్యం మళ్ళీ ఒక యూనిట్‌గా చూపడం ఈ వ్యాస దృష్టిలో గమనార్హం.

1983లో ఆంధ్రప్రదేశ్‌లో అమలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం తలకు 5 కిలోలు, కుటుంబానికి గరిష్ఠంగా 25 కిలోల లెక్కన మొదలైంది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం సాధారణ లబ్ధిదారులకు తలకు నెలకు 5 కిలోలను, అంత్యోదయ కుటుంబాలకు ఇంటికి 35 కిలోలను హక్కుగా గుర్తించింది. తలకు 5 కిలోలంటే రోజుకు సుమారు 167 గ్రాములు. ఇది పూర్తి ఆహారంగా గాక, కొనుగోలు భారాన్ని తగ్గించే ఊతంగా ఉద్దేశించినది గనుక దీన్ని 1877 కూలితో నేరుగా పోల్చడం తగదు. పోల్చదగినది ప్రమాణం. ఒకే చట్టంలో తల లెక్క, ఇంటి లెక్క పక్కపక్కన ఉండడం, ధాత కరువు నాటి ప్రశ్న నేటికీ తేలలేదనడానికి సాక్ష్యం. ఒంటరి వృద్ధురాలికి 5 కిలోల లెక్క ఒక రకంగానూ, పదిమంది ఉన్న ఇంటికి 35 కిలోల లెక్క మరో రకంగానూ చాలకపోవచ్చు. బియ్యం చేతికందినా పప్పు, నూనె, గ్యాసు ఖర్చు ఇంటిదే. పొయ్యి లెక్క ఇంకా పట్టిక బయటే ఉంది.

ముగింపు

ధాత కరువు కూలి వివాదాన్ని ఒక క్రూరుడైన అధికారికీ ఒక దయాళువైన వైద్యునికీ మధ్య ఘర్షణగా చెప్పుకోవడం తేలిక. అందులో కొంత నిజమూ ఉంది. అర పౌను తేడా మీద అసంఖ్యాకమైన ప్రాణాలు ఆధారపడ్డాయి. అయితే ఆ ఘర్షణలో మూడో పక్షం గొంతు వినిపించలేదు. సోలతో కొలిచి, నీళ్ళు కలిపి, పూటకు పూట సర్దిన ఇల్లాలి లెక్క అది. ఆమెకు నివేదిక రాసే అవకాశం రాలేదు. ఆమె లెక్క పూట, పస్తు, గంజి, నూక అన్న మాటల్లో మిగిలింది.

అందువల్ల కరువు చరిత్రకు తెలుగు భాషా సాహిత్య పరిశోధన అందించగలిగినది ఉదాహరణల జాబితా మాత్రమే కాదు. మాండలిక పదకోశాలను, కొలమానాల పేర్లను, వంటకాల పేర్లను, సామెతలను ఇంటి పద్దు పుస్తకాలుగా చదివితే, పాలనా పత్రాలు వదిలేసిన గడులు కొన్నయినా నిండుతాయి. ‘ఎంత చాలు’ అని నిర్ణయించే ప్రతి పట్టికనూ, అది కుండ దగ్గర ఏమవుతుందన్న ప్రశ్నతో మళ్ళీ చదవవలసిన అవసరం ఉంది.