గురకా – గడియా

మా చిన్నవాడికి ఎనిమిదేళ్లప్పుడు ఓ అర్ధరాత్రి వీధి తలుపు గడియ చప్పుడైంది. దొంగేమోనని నేనూ మావారూ లేచి చూద్దుము కదా, వాడే! కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం లేదు. మెట్ల మీద ఒక కాలు వేసేశాడు కూడా. లాక్కొచ్చి పడుకోబెట్టాం. తెల్లారి అడిగితే ఏమీ గుర్తులేదన్నాడు.

మా అత్తగారు దిష్టి తీసి తాయెత్తు కట్టించారు. నేను బి.ఏ. చదివినదాన్ని కదా, నాకు లేడీ మాక్‌బెత్ గుర్తొచ్చింది. చేసిన పాపం తొలిచేస్తుంటే దీపం పట్టుకుని నిద్రలో తిరుగుతుంది ఆ మహాతల్లి. చాటునుంచి చూసిన వైద్యుడు అది తన వల్ల కాదని తేల్చేస్తాడు. పసివాడి మనసును ఎక్కడ నొప్పించామో అని నాలుగు రాత్రులు ఏడ్చాను.

చివరికి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళితే, ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "గురక పెడతాడామ్మా?"

"అచ్చం తాతగారి పోలికేనండీ!" అన్నాను మురిసిపోతూ. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత కూర్చుని పుస్తకాలు తిరగేశాను. నిద్రలో నడవడమంటే కలను నటించడమేనని చాలామంది చాలాకాలం నమ్మారు. 1953లో చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటుందనీ, కలలకు దానితో సంబంధముందనీ చెప్పారు. మరి నడిచేవాళ్ల మెదడు తరంగాలను రాత్రంతా నమోదు చేస్తే, వాళ్లు లేచేది ఆ దశలోంచి కాదు, గాఢనిద్రలోంచి అని 1960లలో తేలింది. 1968లో బ్రౌటన్ అనే శాస్త్రజ్ఞుడు ఇది కల కాదు, మెలకువలో వచ్చిన తిరకాసు అన్నాడు.

గురక కథ వేరే దారిన నడిచింది. 1836–37లో డికెన్స్ తన "పిక్‌విక్ పేపర్స్"లో జో అనే లావుపాటి కుర్రవాణ్ణి పెట్టి, ఎక్కడపడితే అక్కడ గురకపెట్టి నిద్రపోయేలా చేసి లోకాన్ని నవ్వించాడు. 1956లో అమెరికా వైద్యులు అలాంటి రోగికి ఆ నవల పేరే తగిలించారు. 1965లో ఫ్రాన్సులోనూ జర్మనీలోనూ, అలాంటివాళ్లకు నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగుతోందని చూశారు. అదే స్లీప్ ఆప్నియా.

ఈ రెండు కథలకూ వియ్యం కుదిరింది 2003లో. గిల్మినో అనే వైద్యుడూ ఆయన తోటివారూ నిద్రలో నడిచే, జడుసుకునే పిల్లలను 84 మందిని పరీక్షిస్తే, సగానికి పైగా పిల్లలకు నిద్రలో ఊపిరి ఇబ్బంది ఉంది. టాన్సిల్స్ వగైరా తీయించుకున్న వాళ్లకు నడకా పోయింది.

సంగతేమిటంటే, నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. వాచిన టాన్సిల్స్ దారికి అడ్డుపడితే ఊపిరి ఆడదు. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. కాళ్లు లేస్తాయి, తెలివి లేవదు! అలాగని నడిచే ప్రతివాడికీ ఇదే కారణం కాదు. వంశంలో ఉండొచ్చు, జ్వరం కావచ్చు, నిద్ర చాలకపోవచ్చు.

మావాడికి టాన్సిల్స్ తీశారు. గడియ మళ్లీ చప్పుడు కాలేదు. "చూశావా, తాయెత్తు మహిమ!" అన్నారు అత్తగారు. కాదనలేదు నేను. ఆవిడకూ ఆ నాలుగు రాత్రులూ నిద్రలేదు మరి.

మీ ఇంట్లో పిల్లవాడు గురకపెడితే తాతగారి పోలికని మాత్రం మురిసిపోకండి. ఓ రాత్రి పక్కన కూర్చుని ఊపిరి వినండి.