ఎక్స్‌రే రంగు, మార్పిడి మూత్రపిండం: ఒక భయం చరిత్ర

రోంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. మూడు నెలలు తిరగకముందే వియన్నాలో హాషెక్, లిండెన్‌తాల్ అనే ఇద్దరు, తొలగించిన ఒక చేతి రక్తనాళాలలోకి కిరణాలను అడ్డుకునే మిశ్రమాన్ని ఎక్కించి చిత్రం తీశారు. ఎముక తనంతట తానే కనబడుతుంది; నాళానికి మాత్రం రంగు కావాలి. అయితే ఆ మిశ్రమం బతికి ఉన్న మనిషికి పనికిరాదు.

దారి వేరొకచోట దొరికింది. ఆ రోజులలో సిఫిలిస్ రోగులకు సోడియం అయొడైడ్ ఇచ్చేవారు. ఆ మందు తీసుకున్నవారి మూత్రం ఎక్స్‌రేలో కనబడుతున్నదని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1923లో ప్రకటించారు. 1929లో జర్మనీలో యురోసెలెక్టాన్ వెలువడింది. దాని ఘనత రసాయనాన్ని తయారుచేసిన బింజ్, రేట్‌లదా, రోగులపై పరీక్షించిన స్విక్‌దా, ఆచార్యుడు లిష్టెన్‌బెర్గ్‌దా అన్న తగవు చాలాకాలం నడిచింది. ఏమైనా, మూత్రపిండాన్ని చూపించడానికే పుట్టిన ఈ రంగు తరువాతి కాలంలో మూత్రపిండానికే ముప్పుగా పేరుపడింది.

ఆ పేరుకు తొలి ఆధారాలలో ఒకటి 1954 నాటిది. మైలోమా ఉన్న ఒక రోగికి రంగు ఎక్కించి పరీక్ష చేశాక మూత్రం ఆగిపోయిందని బార్టెల్స్ బృందం నివేదించింది. అదే ఏడాది డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మరే కవల సోదరుల మధ్య మూత్రపిండ మార్పిడిని విజయవంతంగా చేశాడు. ఈ రెండు కథలూ కలవడానికి ఎంతో కాలం పట్టలేదు.

నాటి రంగుల ద్రవాభిసరణ గాఢత (ఆస్మోలాలిటీ) రక్తం కంటే అయిదారు రెట్లు ఎక్కువ. స్వీడన్ వైద్యుడు టోర్‌స్టెన్ ఆల్మెన్ 1969లో ప్రతిపాదించిన అయాన్ రహిత రంగులు ఆ తీవ్రతను బాగా తగ్గించాయి. కానీ మార్పిడి రోగి విషయంలో భయం తగ్గలేదు; అందుకు కారణాలూ లేకపోలేదు. పనిచేసేది సాధారణంగా ఒకే మూత్రపిండం. దానిని కాపాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందులు దాని రక్తనాళాలనే కుంచింపజేస్తాయి. రంగు కూడా మూత్రపిండపు లోపలి పొరకు రక్తప్రసరణను తగ్గిస్తుంది. మధుమేహం తోడైతే చెప్పనక్కరలేదు.

ఆ భయానికి మూల్యమూ ఉన్నది. అయోడిన్‌ను తప్పించడానికి కొందరు వైద్యులు మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి గాడోలినియంతో ఎమ్మారై చేయించారు. చర్మాన్నీ కీళ్లనూ బిగించివేసే ఒక వ్యాధికి గాడోలినియంతో సంబంధం ఉన్నదని 2006లో బయటపడింది.

అసలు ప్రశ్న ఆలస్యంగా పుట్టింది: రంగు ఇవ్వనివారిలో క్రియాటినిన్ పెరగదా? పెరుగుతున్నదని న్యూహౌస్ బృందం 2008లో చూపింది. అంతవరకూ రంగు తరువాత వచ్చిన ప్రతి హానినీ రంగు వల్లనే వచ్చినదిగా రాసుకున్నారన్నమాట. రక్షణ కోసం వాడిన అసిటైల్‌సిస్టీన్‌కు ప్రయోజనం లేదని 2018 నాటి ప్రిజర్వ్ పరిశోధన తేల్చింది. వడపోత రేటు 30 కంటే తక్కువ ఉన్నవారిలోనే ముప్పు ముఖ్యమని, ఒకే మూత్రపిండం ఉండటం మాత్రమే పరీక్షను ఆపడానికి కారణం కారాదని 2020లో అమెరికా రేడియాలజిస్టుల సంఘం, నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ ఉమ్మడిగా ప్రకటించాయి.

మార్పిడి రోగికి ఈ తేడా మాటల తేడా కాదు. అతనిలో క్రియాటినిన్ పెరగడానికి తిరస్కరణ, ఇన్‌ఫెక్షన్, మందుల మోతాదు ఏదైనా కారణం కావచ్చు. నేరం రంగు మీద మోపి ఊరకుంటే బయాప్సీ ఆలస్యమవుతుంది; తిరస్కరణకు చికిత్స అందవలసిన రోజులు ఆ నిరీక్షణలోనే గడిచిపోతాయి.