సర్కారు చిట్టా వెబ్‌కెక్కిన కథ

సర్కారు కాగితం చూసే హక్కు ప్రజలకుందని మొదట చట్టం చేసిన దేశం స్వీడన్. అది 1766 నాటి మాట. అలాంటి చట్టం అమెరికాకు 1966లో, కెనడాకు 1983లో, మనకు 2005లో వచ్చింది. కెనడాలో 5 డాలర్లు, మన దగ్గర 10 రూపాయలు కట్టి అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలన్నది నియమం. కానీ ఆ జవాబు అడిగినవాడి చేతికే వెళ్తుంది. అడక్కముందే అందరి ముందూ పెట్టడం వెబ్ వచ్చాకే తేలికైంది.

1995 జనవరిలో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం ‘థామస్’ అనే సైటులో బిల్లులను పెట్టింది. 2001లో కెనడా పార్లమెంటు ‘లెజిస్‌ఇన్ఫో’ తెచ్చింది. ఈ రెండూ బిల్లులను వెతుక్కునేవాళ్లకు పనికొచ్చేవి. 2004లో బ్రిటన్‌లో ‘దే వర్క్ ఫర్ యు’, అమెరికాలో ‘గవ్‌ట్రాక్’ వచ్చి ఆ పద్ధతి మార్చాయి. మీరుండే చోటు చెప్పండి, మీ ప్రతినిధి ఏం చేశాడో మేం చెబుతామన్నాయి.

కెనడాలో ఆ పని 2010లో మైఖేల్ ముల్లీ ‘ఓపెన్‌పార్లమెంట్’తో చేశాడు. టొరంటోకు పడమట ఉన్న మిల్టన్‌లో ఎవరైనా తమ పోస్టల్ కోడ్ కొడితే చాలు, తమ ఎంపీ సభలో ఏం మాట్లాడారో, ఏ బిల్లుకు ఎటు ఓటేశారో బయటపడుతుంది. 2001లో 31 వేల జనాభా ఉన్న ఈ ఊరు 2021కల్లా లక్షా 33 వేలకు పెరిగింది. కొత్తగా వచ్చి స్థిరపడ్డవాళ్లకు ఒట్టావాలో తమ తరఫున ఎవరు మాట్లాడుతున్నారో తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు.

ఊరి మీద పడే నిర్ణయం ఒకటి వెబ్‌లో ఎలా కనిపిస్తుందో కూడా మిల్టన్‌వాళ్లు చూశారు. 2015లో సీఎన్ రైల్వే ఇక్కడ కంటెయినర్లను రైళ్ల నుంచి లారీలకు ఎక్కించే యార్డు కడతానంది. మిల్టన్ టౌను, హాల్టన్ రీజియన్ కాదన్నాయి. కంపెనీ పత్రాలు, అభ్యంతరాలు, 2019 బహిరంగ విచారణ, 2021 జనవరిలో 325 షరతులతో ఇచ్చిన అనుమతి ఫెడరల్ పర్యావరణ రిజిస్ట్రీలో వరసగా చేరాయి. 2024 మార్చిలో ఫెడరల్ కోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. తర్వాత అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగదోసింది. ఏళ్ల తరబడి నడిచిన వ్యవహారంలో ఎవరు ఎప్పుడు ఏమన్నారో తేదీతో సహా చూపించగలిగే బలం సామాన్యుడికి అలా దక్కింది.

తెలుగునేల అనుభవం మరో పాఠం నేర్పింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) వివరాలు, కూలి చెల్లింపులు వెబ్‌లోకొచ్చాయి. సామాజిక తనిఖీలో ఆ లెక్కలను గ్రామసభలో చదివి వినిపిస్తే దొంగ మస్టర్లు బయటపడేవి. అయితే 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదిక ఒక నిజం బయటపెట్టింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి పొక్కి ఉండొచ్చన్నది దాని అంచనా. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. తలుపు ఎవరూ బద్దలుకొట్టలేదు, సైట్లే తెరిచిపెట్టాయి. సర్కారు లెక్క చూపబోయి కూలీ గుట్టు రట్టు చేశాయి.

అసలు ముప్పు ఎన్ని వైపుల నుంచి వస్తుందో 2014 నుంచి 2024 దాకా పదేళ్లలో తేలింది. 2014 ఏప్రిల్‌లో, సమాచారానికి తాళం వేసే సాఫ్ట్‌వేర్‌లోని ‘హార్ట్‌బ్లీడ్’ లోపం వల్ల కెనడా పన్నుల శాఖ సైటు నుంచి 900 మంది సామాజిక బీమా నంబర్లు చోరీ అయ్యాయి. అక్కడ తాళమే లోపభూయిష్టం. ఇంకో ముప్పు సర్కారు వైపు నుంచే వచ్చింది: 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను ఎప్పటి సైటులో పెట్టడం ఆపేసింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ మొదలుపెట్టారు. అంటే పాలకుల పనిని కనిపెట్టి చూసే పౌరుల సైటు సర్కారు లింకుల మీదే ఆధారపడితే, అటు మీట నొక్కితే ఇటు దీపం ఆరిపోతుంది. అందుకే ప్రతి పత్రం నకలు, తీసుకున్న తేదీ, దాని డిజిటల్ వేలిముద్ర దాచుకోవాలి. ఒక్క అక్షరం మార్చినా ఆ వేలిముద్ర పట్టిస్తుంది. అలాంటి సైటులో ఎవరు ఏ ఫైలు మీద అలర్టు పెట్టుకున్నారన్న జాబితా కూడా ప్రమాదమే, అది పౌరుల మీద తయారైన గూఢచారి నివేదికతో సమానం. అవసరం లేని వివరం అడగకపోవడమే అన్నిటికన్నా గట్టి తాళం.

ప్రపంచమంతటినీ ఒకే గూటికి చేర్చే ప్రయత్నమూ జరిగింది. 2015లో బ్రిటన్‌కు చెందిన మైసొసైటీ ‘ఎవ్రీపొలిటీషియన్’ పేరుతో 233 దేశాలు, ప్రాంతాల చట్టసభ సభ్యుల వివరాలు పోగేసింది. అన్ని చోట్లా మారే సైట్లను వెంటాడటం తలకు మించిన పనై 2019లో ఆపేసింది.

మిల్టన్‌లోనో హైదరాబాద్‌లోనో కూర్చుని ఇలాంటి సైటు కట్టాలనుకునే మన ఇంజనీర్లు ఈ చరిత్ర చదువుకోవాలి. ప్రపంచం సంగతి తర్వాత, ముందు మీ టౌన్ కౌన్సిల్‌తో, మీ పంచాయతీతో మొదలుపెట్టండి. పాలకుల పని ప్రతిదీ కనపడనివ్వండి, చూసేవాళ్ల పేరు ఒక్కటి కూడా మీ దగ్గర ఉంచుకోకండి.