ఏపీ నంబరు క్యాబ్ హైదరాబాద్‌లో తిరగొచ్చా? చట్టం ఏం చెబుతోంది?

హైదరాబాద్‌లో క్యాబ్ బుక్ చేస్తే ఒక్కోసారి ఆంధ్రప్రదేశ్ నంబరు ప్లేటున్న కారు వస్తుంది. ఎక్కేవారికి అందులో తేడా ఏమీ కనిపించదు. డ్రైవర్ల మధ్య మాత్రం అది బతుకుతెరువు గొడవ. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో ముగియడంతో, ఏపీ క్యాబ్‌లు ఇక్కడ గిరాకీలు తీసుకోవద్దంటూ స్థానిక డ్రైవర్లు అడ్డుచెప్పడం మొదలుపెట్టారు. ఆ ఏడాది ఆగస్టులో ఏపీ డ్రైవర్లు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌ను కలిసి గోడు చెప్పుకున్నారు. ఇంతకీ ఒక రాష్ట్రం క్యాబ్ మరో రాష్ట్రంలో తిరగాలంటే ఏం ఉండాలి? ఆపే అధికారం ఎవరికుంది?

ఉమ్మడి రాజధాని ముగిస్తే పర్మిట్లు రద్దయినట్టేనా?

కాదు. ఉమ్మడి రాజధాని అన్నది 2014 ఏపీ పునర్విభజన చట్టంలోని సెక్షన్ 5కు సంబంధించిన విషయం. క్యాబ్‌ల పర్మిట్లు 1988 మోటారు వాహనాల చట్టం కింద ఇచ్చేవి. ఈ రెండింటికీ ముడి లేదు.

విభజనకు ముందు జారీ అయిన పర్మిట్లు రెండు రాష్ట్రాల్లోనూ చెల్లేలా పునర్విభజన చట్టం వెసులుబాటు ఇచ్చింది. అయితే పర్మిట్ గడువు సాధారణంగా ఐదేళ్లే కాబట్టి అవి ఎప్పుడో ముగిసిపోయాయి. పన్ను విషయంలోనూ అంతే. 2015 ఏప్రిల్ 1 నుంచే తెలంగాణ ఏపీ రవాణా వాహనాలను పొరుగు రాష్ట్ర వాహనాలుగా చూస్తూ పన్ను వసూలు చేయడం ప్రారంభించింది. అంటే 2024 జూన్‌లో మారింది వాతావరణమే కానీ వాహన చట్టం కాదు.

ప్లేటు మీద ‘ఏపీ’ ఉంటే అది ఆంధ్రా బండేనా?

అన్నిసార్లూ కాదు. విభజనకు ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన వాహనాలకు ఏపీ 09 వంటి నంబర్లు ఇచ్చారు. ఆ తర్వాతే టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ వచ్చాయి. కాబట్టి ఏపీ 09 బండి తెలంగాణదే కావచ్చు. ఏపీ 39 అయితే విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటికీ తెచ్చిన కోడ్. అక్షరాలు చూసి తేల్చేయలేం. చూడాల్సింది పర్మిట్.

ఏ పర్మిట్‌తో ఎక్కడ తిరగొచ్చు?

పర్మిట్ లేకుండా రవాణా వాహనం రోడ్డెక్కకూడదని సెక్షన్ 66 చెబుతోంది. క్యాబ్‌లకు ఇచ్చేది సెక్షన్ 74 కింద కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్. ఒక ప్రాంతంలో ఇచ్చిన పర్మిట్ మరోచోట చెల్లాలంటే అక్కడి రవాణా అధికారుల ఆమోద సంతకం కావాలి. ఇది సెక్షన్ 88 నిబంధన.

దీనికి పెద్ద మినహాయింపు ఆలిండియా టూరిస్ట్ పర్మిట్. 2023లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి దీన్ని తీసుకోవచ్చు. విజయవాడలో ఎక్కించుకున్న ప్రయాణికులను హైదరాబాద్‌లో దింపడానికి ఇది చాలు. అసలు వివాదం ఆ తర్వాతే మొదలవుతుంది. పర్యాటకుల కోసం ఇచ్చిన పర్మిట్‌తో నెలల తరబడి ఒకే నగరంలో ఉండి మియాపూర్ నుంచి గచ్చిబౌలికి గిరాకీలు కొట్టొచ్చా? పన్ను అక్కడ కట్టి సంపాదన ఇక్కడ చేసుకుంటే ఎలా అన్నది స్థానిక డ్రైవర్ల ప్రశ్న. హైదరాబాద్‌నే నమ్ముకుని అప్పు చేసి కారు కొన్నాం, ఉన్నపళంగా పొమ్మంటే ఈఎంఐలు ఎవరు కడతారన్నది ఏపీ డ్రైవర్ల ప్రశ్న.

పర్మిట్ లేకుండా దొరికితే?

సెక్షన్ 192ఎ కింద మొదటిసారి రూ.10 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు ఉండొచ్చు. సెక్షన్ 207 కింద వాహనాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. ఈ అధికారాలు పోలీసులకు, రవాణా శాఖ అధికారులకు మాత్రమే ఉన్నాయి. మరో డ్రైవరుకో, సంఘానికో బండి ఆపి కాగితాలు అడిగే, ప్రయాణికులను దింపేసే హక్కు లేదు. అలా జరిగితే 112కు ఫోన్ చేయాలి.

ప్రయాణికులకు దీంతో ఏం పని?

ప్రమాదం జరిగితే తెలుస్తుంది. పర్మిట్ లేకుండా వాహనం నడపడం మౌలిక ఉల్లంఘనేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసులో బీమా కంపెనీ ముందు బాధితులకు పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని వాహన యజమాని నుంచి రాబట్టుకోవాలన్న ఆదేశాన్ని సమర్థించింది. బాధితులకు కొంత రక్షణ ఉన్నా, ఒక్క కారే ఆధారమైన యజమాని మాత్రం అప్పులపాలవుతాడు.

ఎక్కేముందు ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, బీమా గడువు తెలుస్తాయి.

యాప్ కంపెనీల బాధ్యత లేదా?

ఉంది. సెక్షన్ 93 ప్రకారం అగ్రిగేటర్లు రాష్ట్ర ప్రభుత్వం నుంచి లైసెన్స్ తీసుకోవాలి. ఏ బండి ఎక్కడ రిజిస్టరైందో, రోజూ ఎక్కడ తిరుగుతోందో ఆ కంపెనీలకు తెలుసు. రోడ్డు మీద ఒక్కో కారునూ ఆపడం కంటే, యాప్‌లో చేర్చుకునేటప్పుడే పర్మిట్ సరిచూడటం తేలిక.

ఏపీ డ్రైవర్ల ముందున్న దారేంటి?

హైదరాబాద్‌లోనే స్థిరపడినవారు బండిని తెలంగాణకు మార్చుకోవచ్చు. నిజానికి వాహనాన్ని 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని సెక్షన్ 47 చెబుతోంది. ఇందుకు ఏం చేయాలంటే:

- పాత ఆర్టీఏ కార్యాలయం నుంచి ఫారం 28పై నిరభ్యంతర పత్రం తీసుకోవాలి
- కారు మీద అప్పుంటే ఫైనాన్స్ సంస్థ అనుమతి తప్పనిసరి
- ఫారం 27తో తెలంగాణలో కొత్త నంబరుకు దరఖాస్తు చేయాలి
- ఇక్కడి పన్ను కట్టి, కొత్త పర్మిట్ పొందాలి

వాయిదాలు బాకీ పడినవారికి ఫైనాన్స్ సంస్థ నుంచి అనుమతి రావడమే కష్టం. చాలామంది ఆగిపోయేది అక్కడే.

రెండు రాష్ట్రాలు ఏం చేయొచ్చు?

రాష్ట్రాలు పరస్పరం ఒప్పందం చేసుకునే వీలు సెక్షన్ 88లోనే ఉంది. ఆర్టీసీ బస్సుల విషయంలో అదే జరిగింది. లాక్‌డౌన్‌లో ఆగిపోయిన సర్వీసులపై 2020 నవంబరులో రెండు సంస్థలు ఒప్పందం కుదుర్చుకున్నాయి. దాని ప్రకారం ఏపీలో టీఎస్‌ఆర్టీసీ 1,61,258 కిలోమీటర్లు, తెలంగాణలో ఏపీఎస్‌ఆర్టీసీ 1,60,999 కిలోమీటర్ల మేర బస్సులు తిప్పుకోవచ్చు. క్యాబ్‌లకూ ఆ దారి తెరిచే ఉంది. ఎన్ని బండ్లు, ఎంత పన్ను, ఎన్ని రోజులు అన్నది ప్రభుత్వాలు కూర్చుని తేలిస్తే, డ్రైవర్లు రోడ్డు మీద తేల్చుకోవాల్సిన అవసరం ఉండదు.