ఆవు తిన్న నైట్రోజన్ ఎటు పోయింది? 1839 నాటి లెక్క

కోడ్‌లో బగ్ వస్తే నేను ముందు చూసేది ఇన్‌పుట్ ఎంత, అవుట్‌పుట్ ఎంత అని. ఫ్రాన్స్‌లో బూసాంగో అనే కెమిస్ట్ ఒక పాడి ఆవు మీద ఇదే చేసి, 1839లో లెక్క బయటపెట్టాడు.

అప్పటి డౌట్ ఏంటంటే, జంతువులు గాలిలోంచి నైట్రోజన్ తీసుకుంటాయా అని. ఆయన ఆవుకి బంగాళాదుంపలు, ఎండుగడ్డి పెట్టి అన్నీ తూచాడు. రోజుకి మేతలో లోపలికి వెళ్లిన నైట్రోజన్ 201.5 గ్రాములు. బయటికొచ్చింది పాలలో 46, మూత్రంలో 36.5, పేడలో 92. మొత్తం 174.5. వెళ్లినదానికన్నా తక్కువే! అంటే గాలిలోంచి తీసుకుంటోందనడానికి ఆధారం లేదు.

కానీ ఇంకోటి గమనించారా? పాలలోకి వచ్చింది పావు వంతు కూడా కాదు. ఇప్పటి ఆవుల్లోనూ సుమారు పావు వంతే. అవసరానికి మించి ప్రొటీన్ పెడితే పాలు పెరగవు. పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి, లివర్ యూరియా చేస్తుంది, అది మూత్రంలో పోతుంది. పేడతో కలిస్తే మళ్లీ అమ్మోనియా అయ్యి గాలిలోకి.

2019లో నెదర్లాండ్స్ రైతులు ట్రాక్టర్లతో రోడ్డెక్కింది ఈ నైట్రోజన్ గొడవ మీదే. సో, దాణా ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోకండి. మిగిలింది మూత్రంలో పోయే మన డబ్బే.