అబ్బా పూసిన నల్ల రంగు

మొన్న ఇషా తర్వాత మా చెల్లెలి కొడుకు గల్లీలో కారు బానెట్ ఎత్తి నన్ను పిలిచాడు. "మామూ, జర టార్చ్ పట్టుకోండి." పాత కారు, ఆన్‌లైన్‌లో తెప్పించిన తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు. పావుగంటలో హాలోజెన్ బల్బులు పీకి కొత్తవి బిగించేశాడు. స్విచ్ వేయగానే ఎదురింటి గోడ మొత్తం, మిద్దె మీద ఆరేసిన బట్టల దాకా పట్టపగలైపోయింది. పిల్లాడి ముఖంలో ఖుషీ. నాకు అబ్బా గుర్తొచ్చారు.

అబ్బా హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద లారీ తోలేవారు. అప్పట్లో అది రెండు వరసల రోడ్డు, మధ్యలో డివైడర్ లేదు. ఒక రాత్రి సూర్యాపేట దాటాక ఎదురుగా వచ్చిన బండి ఫుల్ లైట్ తగ్గించలేదు. అబ్బా కళ్లు బైర్లు కమ్మి లారీ పక్క గుంతలోకి దిగింది. క్లీనర్ పిల్లాడి కాలు విరిగింది, మళ్లీ సరిగ్గా అతుక్కోలేదు. ఇంటికొచ్చిన రోజే అబ్బా తలుపులకు వేయగా మిగిలిన నల్ల పెయింట్ తెచ్చి, తన లారీ హెడ్‌లైట్ల పై భాగానికి పూశారు. తప్పు ఎదుటివాడిది కదా అని అమ్మీ అంటే, "సామ్నేవాలే కీ బత్తీ మేరే హాత్ మే నై నా" అన్నారు.

కారు దీపాన్ని ఇంట్లోనే మార్చుకునే షౌక్‌కు చాలా పాత తారీఖ్ ఉంది. మొదటి కార్లకు నూనె దీపాలుండేవి. ఆ తర్వాత ఎసిటిలీన్ వచ్చింది. కార్బైడ్ ముక్కల మీద నీళ్లు చుక్కలుగా పడితే పుట్టే గ్యాస్ అది. మన బజార్లలో మామిడికాయల్ని దొంగచాటుగా మగ్గబెట్టేది ఆ కార్బైడ్‌తోనే. 1912లో కాడిలాక్ కంపెనీ సెల్ఫ్ స్టార్టర్‌తోపాటు కరెంటు దీపాలు కూడా ఇచ్చింది. ఫోర్డ్ మోడల్ టీకి అవి 1915లో వచ్చాయి. ఆ దీపానికి కరెంటు ఇంజిన్ మాగ్నెటో నుంచే రావాలి. బండి వేగం తగ్గితే దీపం నీరసించిపోయేది.

ఇక దీపం వెనకుండే గిన్నెలాంటి అద్దం. ఉర్దూ మీడియంలో చదివిన మాకు సైన్స్ ఉస్తాద్ ఇబ్నుల్ హైసమ్ పేరు చెప్పేవారు. బస్రాలో పుట్టి ఖాహిరాలో స్థిరపడిన ఆ ఆలిమ్, యూనానీల నుంచి వచ్చిన ఇల్మ్‌ను ముందుకు తీసుకెళ్లి పారబోలా ఆకారపు అద్దాల మీద ప్రత్యేకంగా ఒక రిసాలా రాశాడు. సూర్యకిరణాలన్నిటినీ ఒక్క నుక్తా మీదికి తెచ్చి వస్తువును కాల్చే అద్దాలవి. హెడ్‌లైట్ దానికి ఉల్టా. ఆ నుక్తా దగ్గర దీపం పెడితే కిరణాలు బారుగా బయటికి వెళ్తాయి. దీపం కొద్దిగా పక్కకు జరిగినా కిరణాల దారి మారిపోతుంది. మా మేనల్లుడి మస్లా మొత్తం ఇక్కడే ఉంది, చెప్తాను.

కారు లైట్లను ఇళ్లలోనే మార్చుకోక తప్పని కాలం ఒకటొచ్చింది. 1939 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో బ్లాకౌట్ హుకుం పడింది. పైనుంచి విమానాలకు వెలుగు కనిపించకూడదు. జనం అట్టముక్కలు, కాగితాలు అడ్డం పెట్టుకున్నారు, తర్వాత సర్కారు రేకు మాస్కులు వచ్చాయి. 1940లో అక్కడి రోడ్ల మీద 9,169 మంది చనిపోయారు. మన దగ్గర కూడా 1965, 1971 జంగ్ రోజుల్లో హెడ్‌లైట్లకు నలుపు పూశారు. జంగ్ అయిపోయినా ఆ నలుపు మన లారీల మీద, అంబాసిడర్ల మీద ఏళ్ల తరబడి ఉండిపోయింది, ఈసారి ఎదుటివాళ్ల కళ్ల కోసం.

అమెరికా ఇంకో దారి పట్టింది. 1940 నుంచి సీల్డ్ బీమ్ తెచ్చింది. బల్బు, అద్దం, గాజు అన్నీ కలిపి మూసేసిన ఒకే దీపం. ఇంట్లో చేయి పెట్టడానికి సందే లేదు. యూరప్ 1971లో హెచ్4 హాలోజెన్ బల్బు తీసుకొచ్చింది. మన పాత కార్లలో ఎక్కువగా కనిపించేది అదే. అందులో రెండు ఫిలమెంట్లు. డిమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు చిప్ప ఉంటుంది. వెలుగు అద్దం కింది సగానికి తగలకుండా అది ఆపుతుంది. పై సగం మీద పడి తిరిగిన వెలుగు రోడ్డు మీదికి వంగుతుంది.

ఇది చదివాక నాకు బాధేసింది. డిమ్‌లో పనికొచ్చే వెలుగు పై సగం నుంచే వస్తుందంటే, అబ్బా పూసిన నలుపు ఎక్కువగా తన దారినే చీకటి చేసింది. ఎన్ని రాత్రులు ఆ చీకట్లో తోలారో!

భాంజాకు గోడ మీదే చూపించాను. హాలోజెన్ వేస్తే వెలుగుకు పైన గీత గీసినట్టు ఒక హద్దు ఉంటుంది. ఎల్‌ఈడీ వేస్తే ఆ హద్దు చెదిరిపోయింది. ఆ అద్దాన్ని సన్నటి ఫిలమెంట్‌కు లెక్కగట్టి చేశారు. చిప్‌కు మందం ఉంది, కూర్చునే చోటు కూడా అదే కాదు. 1989 మోటారు వాహనాల రూల్స్ కూడా వెలుగు కిందికి వంగి ఉండాలి, ఎదుటివారి కళ్లలో కొట్టకూడదు అనే అంటున్నాయి.

"మరి నాకు రోడ్డు కనబడట్లేదు కదా మామూ?" అన్నాడు. జాయజ్ సవాలే. టార్చ్ దగ్గరగా పట్టి చూస్తే హెడ్‌లైట్ పైకప్పు పచ్చబడి, మసకబారి ఉంది. అది గాజు కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్. ఎండకు అలా అవుతుంది. వెలుగు సగం అక్కడే ఆగిపోతోంది.

పాత బల్బులు మళ్లీ పెట్టాం. చుట్టూ పెయింట్‌కు టేపు అంటించి, నీళ్లు చల్లుతూ వెయ్యి నంబరు ఎమరీ కాగితంతో, తర్వాత రెండు వేల నంబరుతో రుద్దాం. పైన పాలిష్ చేశాం. ఎండ తట్టుకునే క్లియర్ కోటింగ్ పొద్దున షాపు తెరిచాక తెచ్చి వేయాలి, లేకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పచ్చబడుతుంది. అమ్మీ మధ్యలో రెండుసార్లు చాయ్ పంపింది. కుడివైపుది అయ్యేసరికి పన్నెండు దాటింది. ఎడమది జుమ్మా తర్వాత చేద్దామనుకుని బానెట్ మూసేశాం.